పువ్వుకు పోదాం

(పాఠశాల స్వర్ణోత్సవాల మొదటి రోజు సాయంత్రం, పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను "ఇంజనీరింగ్ రంగంలో అవకాశాలు" అనే విషయం మీద మాట్లాడమని కమిటీవాళ్ళు ఫోన్ చేశారు. ఆ సంగతులు ఇప్పుడు నాకన్నా మీ ఇళ్ళల్లో ఇంటర్ చదివే పిల్లలకే ఎక్కువ తెలుసు. అందుకని ఒక చిన్న మనవి చేసుకున్నాను. ముప్ఫై మూడేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదానికంటే, గత పదిహేడేళ్ళుగా ఆదివారాలు కొండలెక్కి పువ్వులు చూస్తూ నేర్చుకున్నది ఈ బడికి ఎక్కువ దగ్గర. దాని గురించి మాట్లాడతానంటే ఒప్పుకున్నారు. అధ్యక్షులవారు మాత్రం "పువ్వుల మీద ఇరవై నిమిషాలా?" అని అడిగారు. సమయం దాటితే గంట కొట్టండి సార్. ఈ బడి గంటకు లేవడం మాకు అలవాటే.

ఇంకో వారం రోజుల్లో బతుకమ్మ. మా రోజుల్లో ఈ వారమంతా మగపిల్లలం బడికి ఆలస్యంగా వచ్చేవాళ్ళం. తెల్లారుజామునే గుట్టకు పోయి గునుగు, తంగేడు కోసుకొచ్చి, ఇంట్లో అక్కల ముందు పడేసి, అప్పుడు బడికి ఉరికేవాళ్ళం. దాన్ని మేము "పువ్వుకు పోవుడు" అనేటోళ్ళం. నాతోపాటు రోజూ వచ్చేవాడు నా బెంచీ దోస్తు. పేరు చెప్పను. 1986 బ్యాచ్ వాళ్ళకు ఎవరో తెలుసు, పేరు చెబితే నాకే మాట ఆగిపోతుంది.

ఒకరోజు ఇద్దరం మరీ ఆలస్యంగా వచ్చాం. చేతుల నిండా తంగేడు పసుపు. బెత్తం పడుతుందనుకున్నాం. ఆ పీరియడ్ మా సైన్సు సారుది. ఆయన మా చొక్కాకు అంటుకున్న ఒక గునుగు పువ్వు తీసి, "దీని కొన ఏ రంగు? మొదలు ఏ రంగు?" అని అడిగారు. వందల పువ్వులు కోశాం కానీ ఎప్పుడూ చూడలేదు. కొన గులాబి, కిందంతా వెండిలాంటి తెలుపు. "ఎందుకు?" అన్నారు. తెలియదన్నాం. "రేపు గుట్ట మీద ఒకదాన్ని కోయకుండ గుర్తుపెట్టుకొని రోజూ చూడుండ్రి" అన్నారు.

వారం చూశాం. గునుగు కంకి కింది నుంచి పైకి పూస్తుంది. కొనన ఉన్నవి లేత పువ్వులు, అందుకే గులాబి రంగు. కిందివి ముదిరి తెల్లబడతాయి. అంటే ఆ ఒక్క కంకిలోనే ఇవాళ పూసినవీ, వారం కిందట పూసినవీ వరుసగా కనిపిస్తాయి. కోయకుండా చూడడం నాకు ఆ వారం మొదటిసారి తెలిసింది. తర్వాత ఇరవై ఏళ్ళు మరిచిపోయాను.

1992లో పూణెలో ఉద్యోగం. ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్. యంత్రం ఆగితే మనం పరుగెత్తాలి, అది నడుస్తుంటే మనల్ని ఎవరూ తలుచుకోరు. అలా పదహారేళ్ళు గడిచాయి. 2008లో షుగర్ వచ్చింది. డాక్టరు నడవమన్నారు. కాలనీలో చుట్లు కొట్టడం వారం రోజుల్లో విసుగొచ్చింది. మా షాపులో పనిచేసే ఒక మరాఠీ మిత్రుడు "చుట్లెందుకు, ఆదివారం కొండకు రండి" అని సింహగఢ్‌కు తీసుకుపోయాడు. అది సెప్టెంబరు నెల. సగం ఎక్కాక ఆయాసంతో ఒక బండ మీద కూలబడ్డాను. పక్కన చూస్తే గునుగు.

మన గుట్ట మీది గునుగే. అక్కడ దాన్ని కుర్డూ అంటారు. దాన్ని ఎవరూ పళ్ళెంలో పేర్చరు, లేతగా ఉన్నప్పుడు కూర వండుకుంటారు. కొన గులాబి, మొదలు తెలుపు. ఆ బండ మీద కూర్చుని మా సారు గొంతు విన్నాను. అప్పటి నుంచి ఆదివారాలు కొండలకే.

సహ్యాద్రి కొండల్లో ఏ నెలకు ఆ నెల పువ్వులుంటాయి. ఫిబ్రవరి, మార్చిల్లో ఆకులన్నీ రాలిన అడవిలో మోదుగ, బూరుగ ఎర్రగా పూస్తాయి. జూన్‌లో తొలి వానలు పడ్డాక, ఎండి మాడిన నేలలోంచి అడవి పసుపు గులాబి రంగు దొన్నెలు ఎత్తుతుంది. జూలై, ఆగస్టుల్లో పొదల మీదికి పాకుతూ నాభి పూస్తుంది. అగ్నిశిఖ అని కూడా అంటాం, మన అడవుల్లోనూ ఉంటుంది. ఆకు కొననే తీగలా చుట్టి పక్క మొక్కను పట్టుకుంటుంది. రేకులు మొదట పచ్చగా మొదలై, పసుపై, నిప్పులా ఎర్రబడతాయి. అందంగా ఉంది కదా అని పిల్లల చేతికి ఇవ్వకండి, దుంప నుంచి గింజ దాకా విషం. సెప్టెంబరులో సోనకీ అనే పసుపుపచ్చ పువ్వు కోటల గోడల మీద కూడా పూస్తుంది. అక్టోబరు వచ్చేసరికి గడ్డి పండి, అంతా గోధుమ రంగైపోతుంది. పదిహేను రోజులు ఆలస్యమైతే ఆ ఏడాదికి ఆ పువ్వు లేదు. మనం సెలవు పెట్టుకున్న రోజున అది పూయదు.

నేను ఎక్కువసార్లు వెళ్ళింది కాస్ పఠారానికి. సతారా పట్టణం నుంచి పాతిక కిలోమీటర్లు. సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తున బల్లపరుపుగా ఉండే బండనేల. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన పశ్చిమ కనుమల్లో ఇదీ ఒక భాగం. పూసే మొక్కలే 850 జాతులకు పైగా ఉన్నాయని చెబుతారు. వేసవిలో పోతే మీకు కనిపించేది నల్లటి, ఎర్రటి బండే. దీనికా ఇంత పేరు అనుకుంటారు. సెప్టెంబరులో పోతే అదే బండ మీద గులాబి, పసుపు, ఊదా, తెలుపు చాపలు చాపలుగా పరిచి ఉంటాయి.

ఇంజనీరును కాబట్టి, ఇది ఎలా అవుతుందన్నది నాకు పువ్వంత ఆసక్తి. అడుగున అగ్నిపర్వతాల లావా గడ్డకట్టిన బసాల్టు. దాని మీద లేటరైట్ అనే ఎర్రరాయి పొర. లేటర్ అంటే లాటిన్‌లో ఇటుక. ఈ రాయి మీద మట్టి చాలాచోట్ల రెండు, మూడు అంగుళాలకు మించదు. వానాకాలంలో నీళ్ళు దిగడానికి దారి లేక ఊట నిలుస్తుంది. వాన వెళ్ళగానే పెనంలా ఎండుతుంది. పెద్ద చెట్టు వేరు దించలేదు. చిన్న మొక్కలే బతకాలి, అవి మూడు, నాలుగు నెలల్లో మొలిచి, పూసి, గింజ రాల్చి పోవాలి. అందుకే అన్నీ ఒక్కసారి పూస్తాయి. వాటికి వేరే సమయం లేదు.

మట్టిలో సారం కూడా తక్కువ. అందుకని కొన్ని మొక్కలు పురుగుల్ని తింటాయి. అక్కడివాళ్ళు "సీత కన్నీళ్ళు" అనే ఒక చిన్న ఊదా పువ్వు ఉంది, శాస్త్రీయ నామం యుట్రిక్యులేరియా. పువ్వు గోరంత ఉంటుంది. తడి మట్టిలో దాని కాడలకు ఆవగింజలకన్నా చిన్న తిత్తులుంటాయి. మొక్క ఆ తిత్తిలోంచి నీళ్ళు బయటకు తోడి, లోపల ఒత్తిడి తగ్గించి, మూత బిగించి ఉంచుతుంది. సూక్ష్మజీవి మూత దగ్గరి నూగును తాకితే మూత తెరుచుకుని నీళ్ళతోపాటు అది లోపలికి పోతుంది. సెకనులో వందో వంతు కూడా పట్టదు. నేను జీవితమంతా వాక్యూమ్ పంపులు, వాల్వులు బాగుచేశాను. లీకు లేని వాల్వు ఎంత కష్టమో నాకు తెలుసు. నా పని ఆ మట్టిలో ఎవరూ మెయింటెనెన్స్ చేయకుండా నడుస్తోంది.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. 2010లో మొదటిసారి కాస్ వెళ్ళినప్పుడు మంచి ఫొటో కోసం దారి వదిలి పువ్వుల మధ్యకు పోయి కూర్చున్నాను. దారి చూపించడానికి వచ్చిన పక్క ఊరి ఆమె "సాహెబ్, మెల్లగా లేవండి" అంది. లేచాను. నేను కూర్చున్నచోట, నా బూటు కింద, ఇందాక చెప్పిన సీత కన్నీళ్ళు మట్టిలో కలిసిపోయి ఉన్నాయి. ఆమె కోప్పడలేదు. "మీరు చూడలేదు, అంతే" అంది. మా సైన్సు సారు ముందు నిలబడ్డట్టయింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి లెక్క వేశాను. నా బరువు 75 కిలోలు. నడిచేటప్పుడు బరువంతా ఒక్క పాదం మీద పడుతుంది. బూటు అడుగు సుమారు 150 చదరపు సెంటీమీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకు అర కిలో. పొలంలో అయితే ఆ బరువు లోపలి మట్టిలోకి సర్దుకుంటుంది. ఇక్కడ రెండు అంగుళాల కింద రాయి. బరువు ఎటూ పోదు. మట్టి అణిగి గట్టిపడుతుంది, గింజ మొలవడానికి సందుండదు. నా ఒక్కడి అడుగుకు ఫరవాలేదనుకోవచ్చు. సెలవు రోజుల్లో వేలమంది వస్తారు. అందుకే అక్కడ రోజుకు ఇంతమందే అని పరిమితి పెట్టి, ముందుగానే ఆన్‌లైన్‌లో టికెట్లు ఇస్తున్నారు. మొదట్లో నేనూ విసుక్కున్నాను. ఇప్పుడు పనిరోజు చూసుకుని, సెలవు పెట్టి పోతాను. దారి దిగను. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఒకటి మెడలో వేసుకుంటాను. దారి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటే, అరగజం నేలలోనే గంటసేపు చూసేంత ఉంటుంది.

ఇక నా దోస్తు సంగతి.

వాడు ఇంటర్‌తో చదువు ఆపి, ఈ ఊళ్ళోనే మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. మీలో చాలామంది బావుల మోటార్లు వాడి చేతిలో బాగయినవే. 2006లో వాడి నుంచి ఫోన్. పేపర్లో చూశాడట, కేరళలో మున్నార్ దగ్గర నీలకురింజి అనే పువ్వు పూసిందని. "పుష్కరానికోసారి పూస్తదటరా. గోదారి పుష్కరాల లెక్క. పోదామా?" అన్నాడు. నాకప్పుడు కొత్త ప్లాంటు మొదలుపెట్టే పని. క్షణం తీరిక లేదు. "ఈసారి కాదురా, వచ్చేసారి పోదాం" అన్నాను. వాడు నవ్వాడు. "వచ్చేసారంటే పన్నెండేండ్లురా" అన్నాడు. నేనూ నవ్వాను. ఆ ప్లాంటు అనుకున్న తేదీకి మొదలయింది. ఇప్పుడు అది మూతపడి చాలా కాలమైంది.

వాడు 2013లో పోయాడు. నిద్రలోనే, గుండెపోటు. వాడికి నలభై మూడేళ్ళు.

నీలకురింజి మన కరువు నేలలో కనిపించే మొక్క కాదు. పశ్చిమ కనుమల్లో ఎత్తైన గడ్డిమైదానాల్లో పెరుగుతుంది. పదకొండేళ్ళు మామూలు పొదలా ఉంటుంది, ఎవరూ దానివైపు చూడరు. పన్నెండో ఏట ఆ కొండ మీదున్నవన్నీ కలిసి పూస్తాయి, గింజ రాలుస్తాయి, చచ్చిపోతాయి. మళ్ళీ ఆ గింజలే మొలిచి పన్నెండేళ్ళు. 1970, 1982, 1994, 2006, 2018. ఆ కొండల్లోని ఆదివాసులు వెనకటికి దీంతోనే వయసు లెక్కపెట్టుకునేవారట, నేను ఇన్ని కురింజిలు చూశానని. సహ్యాద్రిలోనూ దీని చుట్టాలున్నాయి. కార్వీ అని, అది ఏడెనిమిదేళ్ళకొకసారి పూస్తుంది. దాని కాడలతో తడికెలు కట్టి, మట్టి మెత్తి, అక్కడి పల్లెల్లో ఇంటి గోడలు వేసుకుంటారు.

2018లో ఏ పని ఉన్నా పోవాలనుకున్నాను. ఆగస్టులో కేరళకు ఎలాంటి వరదలొచ్చాయో మీకు గుర్తుంది. మున్నార్ దారులు తెగిపోయాయి. ఈసారీ లేదనుకున్నాను. సెప్టెంబరు చివర్లో దారి తెరిచాక నేనూ, మా ఆవిడా వెళ్ళాం. దారి పొడవునా కొండచరియలు విరిగిన గాయాలు. ఎరవికులం జాతీయ పార్కు దగ్గర అటవీశాఖ బస్సు ఎక్కి రాజమల దాకా పోయి, అక్కడి నుంచి నడిచాం. దక్షిణాదిలో అన్నిటికన్నా ఎత్తైన ఆనముడి శిఖరం, 2,695 మీటర్లు, ఆ పార్కులోనే ఉంది. కొండంతా నీలం అని పేపర్లో వాడు చూసిన బొమ్మలా లేదు. వానలకు చాలా పువ్వు దెబ్బతింది. కొన్ని వాలుల మీద మాత్రం పూసి ఉంది. దూరం నుంచి చూస్తే నేరేడు పండు నీళ్ళు చల్లినట్టు. దగ్గరికెళితే మొక్క మోకాలి ఎత్తు, గంట ఆకారం పువ్వులు, నిండా తేనెటీగలు. ఆ నీలం మధ్యలోంచి వరయాడు అనే కొండమేక ఒకటి మమ్మల్ని పట్టించుకోకుండా మేస్తూ పోయింది.

నేను అక్కడ ఏం అనుకున్నానో పెద్దగా చెప్పడానికేం లేదు. పక్కన ఒక మనిషి జాగా ఖాళీగా ఉందనుకున్నాను.

ఆ ఏడాది బతుకమ్మకు ఊరికొచ్చి, వాడి ఇంటికి పోయి వదినకు ఫొటోలు చూపించాను. ఆమె ఫోన్ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. "ఆయనుంటే, ఇది మంచిగుందా మన గునుగు మంచిగుందా అని తకరారు పెట్టుకుంటుండె" అంది. నిజమే. వాడు గునుగే గెలిచిందని తేల్చేవాడు.

ఇప్పుడు మన గుట్ట దగ్గరికి వస్తాను. తూర్పు సగం క్వారీకి పోయింది. మనందరికీ తెలుసు. ఎవరినీ అనను, ఎందుకంటే పూణెలో నా ఇంటి వంటగది బండ కూడా ఏదో ఒక గుట్టదే. నిన్న సాయంత్రం మిగిలిన పడమటి సగం ఎక్కి చూశాను. గునుగు ఉంది. తంగేడు ఉంది. నేను చిన్నప్పుడు పేరు తెలియకుండా తొక్కిన చిన్న చిన్న పువ్వులు ఉన్నాయి. భూతద్దం తీసి చూస్తుంటే ఇద్దరు పిల్లలు ఆగి "ఏం పోయింది తాతా?" అని అడిగారు. తాత అన్నందుకు కొంచెం నొచ్చుకున్నాను కానీ, భూతద్దం ఇచ్చి గునుగు కొన చూపించాను. చీకటి పడేదాకా ఇవ్వలేదు.

అందుకని ఈ స్వర్ణోత్సవ సందర్భంగా నా రెండు ప్రతిపాదనలు.

ఒకటి, బడిలో ఒక పువ్వుల రిజిస్టరు పెడదాం. ఖరీదైన పనేం కాదు. ఒక లాంగ్‌బుక్కు, పది భూతద్దాలు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు నెలకొకసారి సారుతోపాటు గుట్ట ఎక్కి, ఏ వారం ఏది పూసింది, ఎక్కడ పూసింది రాస్తారు. కోయరు, రాస్తారు. పేరు తెలియకపోతే బొమ్మ వేస్తారు. ఇంటికెళ్ళి నాయనమ్మను అడిగితే పేరు దొరకవచ్చు. పదేళ్ళు రాస్తే ఆ గుట్ట మీద ఏముందో మన దగ్గర రాతపూర్వకంగా ఉంటుంది. రేపు ఎవరైనా మిగిలిన సగం అడగడానికి వస్తే, "అక్కడ ఉత్త రాళ్ళే" అని వాళ్ళు అనకుండా ఉండడానికైనా అది పనికొస్తుంది. మొదటి ఐదేళ్ళ ఖర్చు 1986 బ్యాచ్ పెట్టుకుంటుందని మావాళ్ళను అడగకుండానే చెప్పేస్తున్నాను. వెనక వరుసలో తలకాయలు ఊగుతున్నాయి, కాబట్టి ఒప్పుకున్నట్టే.

రెండు, కురింజి మళ్ళీ పూసేది 2030లో. నేను 1970లో పుట్టాను, అదీ కురింజి ఏడే. 2030కి ఐదు కురింజిలు నిండుతాయి, నాకు అరవై. మా బ్యాచ్‌లో చాలామందికి అటూ ఇటూగా షష్టిపూర్తే. హాలు బుక్ చేసి దండలు మార్చుకునే బదులు, అందరం భార్యాభర్తలం కలిసి మున్నార్ పోదాం. వదిన కూడా వస్తానంది. మోకాళ్ళు ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోండి. ఐదేళ్ళున్నాయి కదా అనకండి.

ఆ మోకాళ్ళ కోసమే, రేపు పొద్దున ఆరు గంటలకు గుట్ట కింద చింతచెట్టు దగ్గర ఉంటాను. సభ పదింటికి కాబట్టి వచ్చిపోవచ్చు. బూట్లు అక్కర్లేదు, చెప్పులు చాలు. బతుకమ్మకు కోసుకునేవాళ్ళు కోసుకోండి, పండుగ పండుగే. ఒక్క కంకి మాత్రం వదిలిపెట్టండి. దాన్ని చూద్దాం.

మా సైన్సు సారు ముందు వరుసలోనే ఉన్నారు. సార్, మీరు గుట్ట ఎక్కలేనన్నారు. మీకు కింద కుర్చీ వేయిస్తాం. ఆలస్యంగా వచ్చినవాళ్ళను మీరే అడగాలి, కొన ఏ రంగు, మొదలు ఏ రంగు అని.



— పూర్వ విద్యార్థి, 1986 పదవ తరగతి